బ్రూజ్ రేవులో విడిచిన బూట్లు

యూరపు వెళ్ళివచ్చినవాణ్ణి మా వైపు అందరూ అడిగేవి మూడే ప్రశ్నలు. చలికి ఎట్లా తట్టుకున్నావు? అన్నం దొరికిందా? విమానం ఊగుతుందా? ఉన్ని కోటుతో, దొరకలేదు, ఊగుతుంది అని జవాబులు చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. నాలుగో ప్రశ్న అడిగినవాడు ఒక్కడే. అదీ నేను బయలుదేరక ముందే అడిగాడు. ఆయన బడి గడప తొక్కిన మనిషి కాదు. ఆయన ప్రశ్నకు జవాబు వెతకవలసి వచ్చి నేను బెల్జియం దేశంలో బ్రూజ్ అనే పాత ఊళ్ళో నాలుగు రోజులు ఉన్నాను. ఆ నాలుగు రోజుల సంగతే ఇక్కడ రాస్తున్నాను. ఆ దేశపు రాజధానిలో జరిగిన స్వేచ్ఛాచింతకుల సభ గురించి రాయమని మిత్రులు అడుగుతున్నారు గాని, అక్కడ మేమంతా ఒకరి మాట ఒకరం ఒప్పుకున్నాం. అందరూ ఒప్పుకున్న సభ గురించి రాయడానికి ఏముంటుంది?

మస్తానన్న అడిగింది

మా కోట ఊరికి తూర్పున, బకింగ్‌హాం కాలువ రేవులో మస్తాన్ సాయిబుకు ఒక పడవ ఉంది. సరుగుడు కట్టెలు, ఉప్పు వేసుకొని మద్రాసుకు పోయి, తిరుగుదారిలో పెంకులు, కిరసనాయిలు డబ్బాలు తెచ్చేవాడు. గాలి ఉంటే తెరచాప ఎత్తడం, లేకుంటే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను కోట బడిలో అయ్యవారుగా చేరిన కొత్తలో పరిచయమయ్యాడు. నీచు ముట్టని ఇంట్లో పుట్టిన నేను మొదటిసారి చేపల పులుసు తిన్నది ఆ పడవలోనే, రేవులో జనమంతా చూస్తుండగా. వండింది ఆయన భార్య హుసేనమ్మ. కులం గోడ పగలగొడుతున్నానని నాకు మహా గర్వం. మస్తానన్న మాత్రం, "గోడ సంగతి తరవాత. ముందు ముల్లు చూసి తిను అయ్యోరూ" అన్నాడు.

ఆ పడవలో ఒకటే కట్టుబాటు. చెప్పులు రేవులో విడిచి ఎక్కాలి. ఎందుకని అడిగాను. మా నాయన కాలం నుంచీ అంతే అన్నాడు. నేను ఊరుకునే రకం కాదు. నాయన చేశాడు గనక చేయడమనేదే ఈ దేశానికి పట్టిన జబ్బని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన ఓపికగా విని, "నీ సభలో నువ్వు చెప్పింది మేం వింటా ఉండాం గదా. నా పడవలో నేను చెప్పింది నువ్వు వినబ్బా" అన్నాడు. తాయెత్తుల మీద, ముహూర్తాల మీద, వితంతువుల తలలు గొరిగించే ఆచారం మీద ముప్ఫై ఏళ్ళుగా ఊరూరా పోట్లాడినవాణ్ణి, ఆ రేవులో మాత్రం నోరు మూసుకొని చెప్పులు విడిచేవాణ్ణి. రానురాను అది అలవాటై, విడుస్తున్నాననే తెలివి కూడా లేకుండా పోయింది.

తర్వాత రోడ్డు పడింది. లారీలు వచ్చాయి. వారం పట్టే కట్టెల లోడు పూటలో మద్రాసు చేరుతోంది. మస్తానన్న పడవ నెలలో ఇరవై రోజులు రేవులోనే నీళ్ళు తాగుతూ నిలబడింది. కలప వ్యాపారి ఒకడు వచ్చి, పగలగొట్టుకొని పలకలు, మేకులు తీసుకుంటానన్నాడు. మస్తానన్న నన్ను అడిగాడు. నేను ఆలోచించకుండా, "ఇచ్చెయ్యన్నా. ఇది లెక్క. ఇందులో బాధపడేదేమీ లేదు" అన్నాను. ఆయన లేచి పడవలో ఊరిన నీళ్ళు తోడడం మొదలుపెట్టాడు.

నేను బయలుదేరబోయే ముందు బెల్జియం నుంచి ఒక ఫోటోకార్డు వచ్చింది. సభకు పిలిచిన మిత్రుడు, తీరిక ఉంటే ఈ ఊరు చూడమని పంపాడు. ఇటుక ఇళ్ళ మధ్య కాలువ, కాలువలో పడవ, పడవ నిండా కోట్లు వేసుకున్న మనుషులు. కార్డు పట్టుకుపోయి మస్తానన్నకు చూపించాను. పక్కనే హుసేనమ్మ కొబ్బరి పీచుతో పడవ పలకలు తోముతూ ఉంది. ఆయన కార్డును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"సరుకేది అయ్యోరూ?"

"సరుకు లేదు. మనుషులే."

"యాడికి పోతారు?"

"ఎక్కడికీ పోరు. ఊరంతా తిప్పి ఎక్కినచోటే దింపుతారట."

"దానికి డబ్బు తీసుకుంటారా?"

"తీసుకుంటారు."

ఆయన కార్డు నా చేతికిచ్చి నవ్వాడు. "ఎక్కినచోటే దిగేదానికి డబ్బులిచ్చే మారాజులు ఎవురో, ఎందుకిస్తారో కనుక్కొని రా. నువ్వొచ్చిందాకా ఆ కలపాయనకు నేను ఏ మాటా చెప్పను. వాళ్ళ కాలవ ఎట్టా బతికిందో నాకు తెలియాల."

ఇట్లా ఒక పడవ బతుకు నా జేబులో వేసుకొని విమానం ఎక్కాను.

రైలు దిగగానే

సభ అయిపోయిన మర్నాడు రాజధాని నుంచి రైల్లో గంట ప్రయాణం. నేల పళ్ళెంలా చదును. ఆవులు మేస్తున్నాయి, ఒక్కొక్కటి మన ఒంగోలు గిత్తంత. బ్రూజ్‌లో దిగి సంచి మోసుకుంటూ నడిచాను. వీధులన్నీ రాళ్ళు పరిచినవి. మద్రాసులో కొన్న నా కొత్త బూట్లు అప్పటికే రెండు మడమలనూ కొరికాయి.

నాలుగైదు వందల ఏళ్ళ నాటి ఇళ్ళు ఇంకా మనుషులు కాపురం ఉంటూ నిలబడి ఉన్నాయి. ఇంటి ముఖం పైకి పోనుపోను మెట్లు మెట్లుగా సన్నబడుతుంది. కొన్ని ఇళ్ళ గోడలు నేరుగా నీళ్ళలోంచే లేచాయి. కిటికీ తెరిచి చెయ్యి చాపితే హంస తలకు తగులుతుంది. వంతెన మీద నిలబడి గట్టిగా ఊపిరి పీల్చాను. నాచు, తడి ఇటుక, కొంచెం బురద. మా కాలువ వాసనే! అన్ని వేల మైళ్ళు వచ్చి నేను మొదట గుర్తుపట్టింది ఆ వాసనను.

బజారు నడుమ ఒక పెద్ద గోపురం. మూడు వందల అరవై ఆరు మెట్లు. పైన గంటలు పావుగంటకొకసారి పాట వాయిస్తాయి. ఒక ముసలాయన టిక్కెట్టు చింపి ఇస్తూ నా నెరిసిన జుట్టు చూసి, "మెల్లగా ఎక్కండి, దిగేటప్పుడు లెక్కపెట్టండి" అన్నాడు. ఎక్కేటప్పుడే లెక్కపెట్టాను. నూటనలభై దగ్గర మోకాళ్ళు లెక్క మరిపించాయి.

ఎల్సమ్మ భోజనం

నేను దిగిన ఇంటావిడ పేరు ఎల్సా. రెండో రోజుకల్లా మనసులో ఎల్సమ్మ అయింది. అరవై ఏళ్ళ వితంతువు. భర్త పోయి ఇరవై ఏళ్ళయినా నల్లబట్టలే. వితంతువుల మీద కట్టడి ఇక్కడా ఉందన్నమాట అనుకొని నా కత్తి నూరుకోబోయాను. కానీ ఇంటి తాళాలు ఆమె నడుముకే వేలాడుతున్నాయి. అద్దె బేరం ఆమే ఆడింది, నన్ను ఓడించింది కూడా. భోజనాల బల్ల దగ్గర పెద్ద కుర్చీ ఆమెదే, గ్లాసులో బీరు ఆమెదే. కత్తి తీసి లోపల పెట్టుకున్నాను.

తినబోయే ముందు ఆమె కళ్ళు మూసుకొని శిలువ గుర్తు వేసుకుంది. కళ్ళు తెరిచి, వచ్చీరాని ఇంగ్లీషులో, "మీ ప్రార్థన మీరు చేసుకోండి" అంది.

"నాకు ప్రార్థన లేదమ్మా. దేవుడు లేడని చెప్పడమే నా పని."

"మరి భోజనానికి కృతజ్ఞత ఎవరికి చెబుతారు?"

"వండినవారికి. మీకు."

ఆమె ముఖం ఎర్రబడింది. ఇంకో గరిటె వడ్డించింది. నలభై ఏళ్ళుగా ఆ బల్ల మీద వండి వడ్డిస్తున్నానని, ఆ మాట ఎవరూ అనలేదని చెప్పింది.

వడ్డించిందేమిటో చెబితే మా తీరం వాళ్ళు నవ్వుతారు. నల్లటి కుండ నిండా ఆల్చిప్పలు! ఉల్లికాడలు, వెన్న వేసి ఉడకబెట్టినవి. మా పులికాట్ సరస్సులో చిప్పలు ఏరి సున్నం బట్టీకి పంపుతారు గాని, లోపలి మాంసాన్ని అతిథి ముందు పెట్టరు. అక్కడ దొరలు ఒక ఖాళీ చిప్పనే పట్టకారులా పట్టుకొని, దాంతో తతిమ్మా చిప్పల్లోది లాగి తింటారు. నేను నేర్చుకోవడానికి మూడు చిప్పలు పట్టింది. నాలుగోది జారి ఎల్సమ్మ ఒళ్ళో పడింది. బాగుంటాయి. ఉప్పుగా, మెత్తగా ఉంటాయి. కారం ఒక్కటే తక్కువ. నా సంచిలోని కారప్పొడి సీసా తీసి చల్లుకున్నాను. ఆమె తానూ ఒక చిటికెడు అడిగింది, వద్దన్నా వినలేదు. తర్వాత ఆమె వరసగా రెండు గ్లాసుల బీరు తాగి, "మీ దేశంలో దేవుణ్ణి ఎందుకు నమ్మరో ఇప్పుడు అర్థమైంది" అంది.

విడిచిన బూట్లు

మర్నాడు మబ్బు పట్టి సన్నటి జల్లు పడుతోంది. గోపురానికి దగ్గర్లోనే పడవల రేవు. అరగంట తిరగడానికి ఇరవై ఫ్రాంకులు, మన రూపాయల్లో రెండుకు కొంచెం తక్కువ. పడవ నడిపేవాడి పేరు యాన్. యాభై ఏళ్ళవాడు, పొట్టి, ఎర్రటి చెవులు. వానకు పడవలో అందరి మోకాళ్ళ మీదా దుప్పట్లు కప్పాడు. నేను చివర ఎక్కి వెనక బల్ల మీద కూర్చున్నాను.

ఆ అరగంటా మస్తానన్న కోసం కళ్ళు విప్పుకొని చూశాను. వంతెనలు ఎంత వంగి ఉన్నాయంటే, వాటి కింద అందరం తలలు దించాం. దేవుడికి తల వంచనివాణ్ణి ఆ ఊళ్ళో తొమ్మిదిసార్లు వంచాను. యాన్ మూడు భాషల్లో ఒకే హాస్యం మూడుసార్లు చెప్పాడు, ప్రతిసారీ తానే ముందు నవ్వాడు. నా పక్కన కూర్చున్న ఇంగ్లీషు దంపతులను, ఈ పడవ ఎందుకు ఎక్కారని అడిగాను. ఆయన భార్య వైపు చూశాడు. ఆమె, "కాళ్ళు నొస్తున్నాయి" అంది. అది రాసుకున్నాను.

తిరిగి రేవు దగ్గరికి వచ్చేసరికి గట్టు మీద పాతికమంది గుమిగూడి ఉన్నారు. ఒకడు పొడవాటి గడతో నీళ్ళలో వెతుకుతున్నాడు. ఒకావిడ చేత్తో నోరు మూసుకొని నిలబడింది. పోలీసువాడు మెట్ల మీద వంగి నీళ్ళలోకి చూస్తున్నాడు.

"ఏమైంది?" అని యాన్ కేక వేశాడు.

"ఎవరో దూకారు" అని వచ్చిన జవాబును యాన్ మాకు ఇంగ్లీషులో చెప్పాడు.

ఏ దిక్కులేనివాడో అనుకొని నేనూ లేచి నిలబడి నీళ్ళలోకి వెతికాను. పోలీసువాడు నిటారుగా లేచాడు. అతని చేతిలో ఒక జత బూట్లు ఉన్నాయి. నల్లవి. కొత్తవి. లోపల మేజోళ్ళు మడిచి పెట్టి ఉన్నాయి.

అప్పుడు నా కాళ్ళ వంక చూసుకున్నాను. దుప్పటి జారిపోయి, పది వేళ్ళూ చలికి నీలంగా ఉన్నాయి.

మా రేవులో జోడు విడిచి ఉంటే, ఎవరో పడవ ఎక్కారని అర్థం. ఆ దేశంలో నీళ్ళ ఒడ్డున జోడు పక్కపక్కన పెట్టి ఉంటే, మనిషి ఇక రాడని అర్థమట. అవి నావని చెప్పేసరికి నోరు మూసుకున్న ఆవిడ ఏడ్చేసింది. తర్వాత కోప్పడింది. గడ పట్టుకున్నవాడు గడను నేల మీద విసిరికొట్టాడు. పోలీసువాడు పుస్తకం తీసి నా పేరు రాసుకున్నాడు. ఇంటిపేరు రాయడానికి మూడుసార్లు పెన్సిలు నాకాడు.

"బూట్లు ఎందుకు విప్పారు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"మా వైపు పడవలోకి జోడుతో ఎక్కరు."

"ఎందుకు ఎక్కరు?"

పాతికమంది నా జవాబు కోసం చూస్తున్నారు. ముప్ఫై ఏళ్ళుగా నేను కనబడిన ప్రతివాణ్ణీ నిలబెట్టి అడిగిన ప్రశ్న! ఎందుకు? మీ తాత చేశాడనా? మీ పురోహితుడు చెప్పాడనా? ఆ ప్రశ్న ఇప్పుడు పోలీసు టోపీ పెట్టుకొని నా ఎదురుగా నిలబడింది. "అంతే. ఎక్కరు" అన్నాను. ఈ మాట నేను అన్నానని మా ఊళ్ళో నా ప్రత్యర్థులకు తెలిస్తే టపాకాయలు కాలుస్తారు.

యాన్ ముందుకు వచ్చాడు. పోలీసువాడితో వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. పోలీసువాడు పుస్తకం మూసి, బూట్లు నాకిచ్చి, వేలు చూపించి బెదిరించి, చివరకు నవ్వి వెళ్ళిపోయాడు.

"ఏం చెప్పావు?" అన్నాను.

"మా అమ్మ పడవలోకి నన్ను కూడా బూట్లతో రానియ్యదని చెప్పాను. ఇవాళ సాయంత్రం రండి, చూపిస్తాను."

యాన్ తల్లి

యాన్ పూర్వీకులంతా సరుకు పడవల వాళ్ళే. అన్న ఇంకా ఇసుక పడవ నడుపుతున్నాడు. ఆ పడవ ఊరి చివర లాకుల దగ్గర ఆగి ఉంది. ఇంజను పెట్టిన పెద్ద పడవ, వెనక భాగంలో రెండు గదుల ఇల్లు. కిటికీలకు తెల్లటి అల్లిక తెరలు, కుండీల్లో ఎర్రపూలు. గది వాకిట్లో చెక్కచెప్పులు వరసగా విడిచి ఉన్నాయి. పెద్దవి, చిన్నవి, ఒకటి విరిగి తీగతో కుట్టినది. నేను వాటి పక్కన నా బూట్లు పెట్టాను. ఈసారి ఎవరూ పోలీసును పిలవలేదు.

యాన్ తల్లికి ఎనభై దాటాయి. పుట్టింది పడవలోనే. నా కథ కొడుకు చెబుతుంటే ఆవిడ పొట్ట పట్టుకొని నవ్వింది. కాఫీ పోసింది, బిస్కెట్లు పెట్టింది. యాన్ ఇంగ్లీషు యుద్ధకాలంలో కెనడా సైనికుల దగ్గర నేర్చినది, నడుమ బూతులు దొర్లుతాయి. ఆ ఇంగ్లీషు సాయంతోనే అడిగాను: పడవలోకి చెప్పులతో ఎందుకు రానివ్వరు? నీటిమీద భక్తా? ఏదైనా శకునమా?

యాన్ వాళ్ళ అన్న ఏదో చెప్పబోయాడు, పడవకు ప్రాణం ఉంటుందని, దాని వీపు తొక్కకూడదని. తల్లి చెయ్యి విసిరి ఆపింది.

"మగవాళ్ళు ఇట్లాంటివి చెబుతారు. పలకలు కడిగేది ఎవరు? నేను. పొద్దున కడుగుతాను, సాయంత్రం కడుగుతాను. బురద కాళ్ళతో వస్తే చీపురుతో కొడతాను. అంతే."

నేను కాఫీ గిన్నె కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆపుదామన్నా ఆగలేదు.

గాజు గొట్టంలో రక్తం

మూడో రోజు శుక్రవారం. ఆ ఊరి గుళ్ళో ఒక గాజు గొట్టంలో క్రీస్తు రక్తం ఉందంటారు. శుక్రవారం జనం వరసలో నిలబడి చూసి, ముద్దు పెట్టుకొని, దక్షిణ వేసి వస్తారు. ఎల్సమ్మ మోకాళ్ళ నొప్పులతో బయలుదేరింది. తోడు వస్తారా అంది. వెళ్ళాను. ఎవరు పరీక్ష చేశారు, ఎప్పుడు చేశారు, ఏ మనిషి రక్తమని తేలింది, ఈ మూడు ప్రశ్నలూ గుళ్ళో పూజారిని అడగాలని నోట్లో నమిలి ఉంచుకున్నాను. వాన. వరస పొడుగు. ఎల్సమ్మ గొడుగు బరువుగా ఉంది. అరగంట గొడుగు పట్టుకొని నిలబడేసరికి నా చెయ్యి తిమ్మిరెక్కింది. గొట్టం దగ్గరికి చేరేసరికి ఎల్సమ్మకు ఒక చేత్తో ఊతం, రెండో చేత్తో గొడుగు. పూజారి నా వంక చూశాడు. ప్రశ్నలు అడగడానికి ఒక చెయ్యన్నా ఖాళీగా ఉండాలి. నేను మెత్తబడ్డానని ఎవరూ సంతోషపడవద్దు. తిరుగుదారిలో ఆ మూడూ ఎల్సమ్మనే అడిగాను. "నాకు తెలియదు. కానీ ఇవాళ మోకాలు తక్కువ నొప్పిగా ఉంది" అంది. నా భుజం మీద ఆనుకున్నందువల్ల అన్నాను. "కావచ్చు" అని ఇంకాస్త ఆనుకుంది.

యాన్ చెప్పిన జవాబు

వచ్చిన రోజు నుంచీ నా జేబులో ఉన్న ప్రశ్నను చివరి పూట యాన్ ముందు పెట్టాను. మా కాలువ గురించి, మస్తానన్న పడవ గురించి, కలప వ్యాపారి గురించి అంతా చెప్పాను. వంతెన గోడ మీద కూర్చొని వేయించిన బంగాళాదుంప ముక్కలు తింటున్నాం. కాగితం పొట్లం అయిదు ఫ్రాంకులు, మన ఎనిమిదణాలు. మీద గుడ్డుసొన, నూనె కలిపి చిలికిన పచ్చటి ముద్ద వేస్తారు.

"మీ ఊరివాళ్ళు ఎంత తెలివిగలవాళ్ళు, ఇన్నాళ్ళు ఇవన్నీ కాపాడుకున్నారు" అన్నాను.

యాన్ వేళ్ళు నాకి నవ్వాడు. "తెలివా? ఒకప్పుడు సముద్రం ఈ ఊరి దాకా వచ్చేది. కాలువ మేట వేసింది. ఓడలు రావడం మానేశాయి. వర్తకులు వేరే రేవుకు పోయారు. తర్వాత కొన్ని వందల ఏళ్ళు ఇక్కడ దరిద్రం. పాత ఇల్లు పగలగొట్టి కొత్తది కట్టడానికి ఎవడి దగ్గరా డబ్బు లేదు. ఉండి ఉంటే ఒక్క ఇటుక మిగిలేది కాదు. మమ్మల్ని కాపాడింది దరిద్రం."

"మరి ఎక్కినచోటే దిగడానికి డబ్బు ఎందుకు ఇస్తారు?"

"ఎక్కువమంది రక్తం చూడడానికి వస్తారు. చూసేది ఒక్క నిమిషం. రైలు సాయంత్రం. మధ్యలో ఏం చేస్తారు? కాళ్ళు నొస్తాయి. నా పడవ ఎక్కుతారు. ఆ గాజు గొట్టం లేకుంటే నా పిల్లలకు రొట్టె లేదు." నా ముఖం చూసి, "మీకు ఈ జవాబు నచ్చలేదు" అన్నాడు.

నచ్చలేదు. దారిపొడుగునా నచ్చలేదు. విమానంలో కూర్చొని మస్తానన్నకు ఏమి చెప్పాలో కూర్చుకున్నాను. కాళ్ళ నొప్పి సంగతి చెబుదాం, మేట వేసిన కాలువ సంగతి చెబుదాం, గాజు గొట్టం మాత్రం వదిలేద్దాం. ఒక మూఢనమ్మకం పదిమందికి అన్నం పెడుతోందని నేనే ఎందుకు చాటాలి? అట్లా అనుకున్న కాసేపటికి నా మీద నాకే చిరాకు వేసింది. పూజారులు తమకు అనుకూలమైనదే చెబుతారని ముప్ఫై ఏళ్ళుగా తిడుతున్నాను. నాకు అనుకూలంకానిది నేను దాచితే, నాకూ వాళ్ళకూ తేడా బట్టల్లోనే. అదీగాక, నా మాట మీద పగలగొట్టబోయేది మస్తానన్న పడవ, నాది కాదు.

మళ్ళీ మా రేవులో

మస్తానన్నకు ఏమీ దాచకుండా చెప్పాను. బూట్ల సంగతికి ఆయన నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. దరిద్రం కాపాడిందన్న మాటకు, "అట్టయితే మన కాలవకు భయం లేదబ్బా, అది మన దగ్గిర కావలసినంత ఉండాది" అన్నాడు. గాజు గొట్టం దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపి, గడ్డం గోక్కుంటూ కాలువ దిగువకు చూశాడు.

"ఊరికే తిరిగేదానికి మనోళ్ళు డబ్బియ్యరు అయ్యోరూ. కానీ దిగువన దర్గా ఉండాది గదా. గంధం పండగకు ఎంతమంది పోతారు? ఆడ దాకా రోడ్డు లేదు. ఇసుకలో లారీ దిగబడతాది. జనం ఎండలో నడిచి కాళ్ళు కాల్చుకుంటా ఉండారు."

నేను తల పట్టుకున్నాను. "అన్నా, నేను యూరపు దాకా పోయి తెచ్చింది మొక్కుల వాళ్ళకు పడవా?"

"నువ్వు తెచ్చింది జవాబు. ఏం జెయ్యాలనేది నాది" అని లేచాడు. మర్నాడు కలప వ్యాపారికి కబురు పంపాడు, రావద్దని.

గంధం రోజున పడవలో తాటాకు చాపలు పరిచారు. హిందువులు, ముస్లిములు కలిసి నలభైమంది ఎక్కారు. నేనూ ఎక్కాను. మొక్కుల మీద ఉపన్యాసం ఇవ్వడానికే ఎక్కాను. మధ్యలో లేచిపోవడానికి వీల్లేని సభ నాకు జీవితంలో మొదటిసారి దొరికింది. ఒక గంట మాట్లాడాను. ఏ ఆచారాన్నయినా ఎందుకని అడగండి, జవాబు లేకుంటే వదిలెయ్యండి అన్నాను. ఒక పెద్దాయన, "అయ్యోరు బాగా చెప్పినాడు. మొక్కు తీర్చుకొనొచ్చి ఆలోచిస్తాం" అన్నాడు. ఇందుకూరుపేట నుంచి వచ్చిన ఒకామె చంకలో బిడ్డను సర్దుకుంటూ, "అట్టయితే అయ్యోరా, ఈ పడవలోకి చెప్పులు విప్పి ఎందుకెక్కాల?" అని అడిగింది.

"చెప్పు అయ్యోరూ" అని మస్తానన్న వెనక నుంచి కేక వేశాడు. "దొరల సీమ పోలీసోడికి చెప్పలేకపోయినావంటనే!"

ఈసారి నా దగ్గర జవాబు ఉంది. లేచి నిలబడి, యాన్ తల్లి కథ మొత్తం చెప్పాను. భక్తి కాదు, శకునం కాదు, పలకలు కడిగే మనిషి కష్టం అన్నాను. నా గొంతు కొంచెం గొప్పగానే మోగింది. ముందు బల్ల దగ్గర హుసేనమ్మ కూర్చొని ఉంది, పక్కన కొబ్బరి పీచు. ఆమె తల తిప్పి నా వంక చూసింది.

"ఇది కనుక్కొనేదానికి సీమ దాకా పోవాల్నా అయ్యోరూ? నలభై ఏండ్లుగా ఈ పలకలు తోమేది నేనే గదా. ఈడనే ఉండాను. ఒక్కసారన్నా నన్నడిగినావా?"

పడవంతా గొల్లుమంది. ముప్ఫై ఏళ్ళు ఆడవాళ్ళ తరఫున వేదికలెక్కినవాణ్ణి. ఆ రేవులో ఎందుకని అడిగిన ప్రతిసారీ మస్తానన్ననే అడిగాను.

"అడగలేదు వదినా" అన్నాను.

"అయితే తిరిగి రేవుకు చేరినాక ఈ పీచు పట్టు."

పట్టాను. నలభై అడుగుల పడవ, నలభైమంది యాత్రికుల ఇసుక కాళ్ళు. సగం తోమేసరికి నడుము పడిపోయింది. అప్పుడు ఎవడైనా చెప్పులతో ఎక్కబోయి ఉంటే, ఎందుకూ ఏమిటీ అని చర్చ పెట్టకుండా నేనే వాణ్ణి కాలువలోకి తోసేవాణ్ణి.